యుద్ధ ప్రాంతానికి చక్రాల కుర్చీలు పంపాలనుకుంటున్న కావలి మిత్రులకు

మీ ప్రశ్న సారాంశం ఇది. టీవీలో యుద్ధ దృశ్యాలు చూసి, కాళ్లు పోగొట్టుకున్నవారి కోసం మీ యువజన సంఘంవారు కావలిలో వీధివీధీ తిరిగి 4,20,000 రూపాయల చందా పోగుచేశారు. అందులో 2,60,000 రూపాయలతో 40 చక్రాల కుర్చీలు కొన్నారు. అవి ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పకుండా ఒక కల్యాణ మండపం సామాను గదిలో ఉన్నాయి. వాటిని ఆ దేశానికి చేర్చే మార్గమేమిటి, మిగిలిన సొమ్ముతో మరో రెండు డజన్లు కొనవచ్చునా అని అడిగారు.

కొత్తవి కొనవద్దు, ఉన్నవాటిని పంపే ప్రయత్నమూ మానుకోండి. నేను ఒంగోలులో కృత్రిమ కాళ్లు, క్యాలిపర్లు (బలం లేని కాలికి కట్టే ఊత పట్టీలు) తయారుచేసే పనిలో 26 ఏళ్లుగా ఉన్నాను. మధ్యలో కొన్నేళ్లు శ్రీలంక ఉత్తరాన జాఫ్నా ప్రాంతంలోనూ, ఆ తర్వాత అఫ్గానిస్థాన్‌లోనూ ఇదే పని చేశాను. దూరదేశాల నుంచి దయగలవారు పంపిన కుర్చీలు గోదాముల్లో ఒకదానిపై ఒకటి పేర్చి ఉండగా, వాటికి అరమైలు దూరంలో మనిషి నేలమీద పాకుతూ ఉండటం నేను చూశాను. దానికి పంపినవారి మనసులో లోపం కారణం కాదు. కాబట్టి ఎందుకు వద్దంటున్నానో కాస్త వివరంగానే చెప్పవలసి ఉంది.

ముందు కుర్చీ సంగతి చూద్దాం. మీరు జతచేసిన ఫొటోను బట్టి అవి ఆసుపత్రి వరండాల్లో రోగిని ఒక గది నుంచి మరో గదికి తోసుకుపోవడానికి చేసిన మడత కుర్చీలు. వాటి ముందు చక్రాలు చిన్నవి, నున్నటి గచ్చుమీద తప్ప తిరగవు. నమ్మకం లేకపోతే ఒకటి తీసుకుని తుమ్మలపెంట తీరానికి వెళ్లి, అందులో మీ మిత్రుడొకరిని కూర్చోబెట్టి ఇసుకలో పది గజాలు తోసి చూడండి. కూలిన గోడల ఇటుకలు, వంగిన ఇనుప చువ్వలు, ట్యాంకులు దున్నిన రోడ్లు ఉన్నచోట అవి ఇంకా త్వరగా మొరాయిస్తాయి. అటువంటి నేలకు ముందు భాగం పొడవుగా ఉండి, పెద్ద ముందు చక్రం ఉన్న మూడు చక్రాల కుర్చీలు పనికొస్తాయి. వాటి టైరు, ట్యూబు, బేరింగు ఆ ఊరి సైకిలు దుకాణంలో దొరికేవి కావాలి, లేకపోతే మొదటి పంక్చరుతోనే కుర్చీ మూలపడుతుంది.

అంతకన్నా పెద్ద ప్రమాదం సీటులో ఉంది. వెన్నుపాము దెబ్బతిన్న మనిషికి నడుము కింద స్పర్శ ఉండదు. మనం సినిమా హాలులో కూర్చున్నా, తెలియకుండానే కొద్ది నిమిషాలకొకసారి అటూ ఇటూ ఒత్తిగిలుతుంటాం. ఆ ఒత్తిగిలడమే మన చర్మాన్ని కాపాడుతుంది. స్పర్శ లేనివారు కదలరు. మెత్త లేని రెక్సిన్ సీటుమీద కొన్ని గంటలు కూర్చుంటే పిరుదు ఎముక కింద రక్తం ఆగి, చర్మం ఎర్రబడి, చూసేవారు లేకపోతే ఎముక కనిపించేంత లోతు పుండవుతుంది. శుభ్రమైన నీరు, కట్టు కట్టేవారు, యాంటీబయాటిక్‌లు లేని చోట ఆ పుండు ప్రాణం తీస్తుంది. అందువల్లనే మెత్త లేకుండా, కొలత లేకుండా ఇచ్చిన కుర్చీ కొందరికి ఏ కుర్చీ లేకపోవడం కన్నా ఎక్కువ కీడు చేస్తుందని మా వృత్తిలో అందరూ ఒప్పుకుంటారు.

ఈ జ్ఞానం కూడా యుద్ధం నుంచే వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వెన్నుపాము తెగిన సైనికుల్లో ఎక్కువమంది పడకపుండ్లతోనూ, మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లతోనూ చనిపోయేవారు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము గాయాల విభాగాన్ని ప్రారంభించిన డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్, రాత్రీ పగలూ రెండు గంటలకొకసారి ప్రతి రోగినీ పక్కకు తిప్పాలన్న నియమం పెట్టి ఆ మరణాలను తగ్గించాడు. కొత్త మందేదీ కనిపెట్టలేదు. మనుషులను నియమించి, వారిచేత తిప్పించాడు, అంతే. ఆ వార్డు ఆవరణలో 1948లో మొదలుపెట్టిన విలువిద్య పోటీయే పెరిగి పెరిగి పారాలింపిక్స్ అయింది. 1965 యుద్ధంలో తూటాలు తగిలి నడుము కింది బలం పోగొట్టుకున్న మన సైనికుడు మురళీకాంత్ పేట్కర్ 1972లో ఈతలో బంగారు పతకం తెచ్చింది ఆ క్రీడల్లోనే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008 మార్గదర్శకాల్లో కుర్చీ ఇవ్వడాన్ని ఎనిమిది మెట్ల పనిగా చెప్పింది. మనిషిని గుర్తించి పంపడం, పరీక్షించడం, ఎటువంటిది కావాలో నిర్ణయించడం, డబ్బు సమకూర్చి తెప్పించడం, సిద్ధం చేయడం, కూర్చోబెట్టి సరిచూడడం, వాడకం నేర్పడం, తర్వాత మళ్లీ మళ్లీ వెళ్లి చూడడం అన్నవి ఆ మెట్లు. మీరు చేసినది నాలుగో మెట్టు ఒక్కటే, అది కూడా ముందు మూడు లేకుండా. తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. మన జిల్లాల్లో జరిగే ఉచిత పంపిణీ సభల్లోనూ నేను తరచు చూసేది ఆ నాలుగో మెట్టునే, ఫొటోతో సహా.

ఇక యుద్ధంలో వైకల్యం ఉన్నవారికి నిజంగా ఏమి జరుగుతుందో చెప్పాలి. (ప్రభుత్వం ‘దివ్యాంగులు’ అంటుంది, పాతవారు ‘వికలాంగులు’ అంటారు. నా దగ్గరికి వచ్చేవారిలో ఆ రెండు మాటలూ నచ్చనివారు చాలామంది ఉన్నారు కాబట్టి నేను ‘వైకల్యం ఉన్నవారు’ అనే రాస్తాను.) మనం టీవీలో చూసేది బాంబువల్ల కాలు పోయినవారిని. అటువంటివారు చాలామందే ఉన్నారు. గాజాలో 2024 జులై చివరినాటికి కనీసం 22,500 మంది జీవితాన్నే మార్చివేసే గాయాలతో, ఏళ్ల తరబడి పునరావాసం అవసరమైన స్థితిలో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. అయితే యుద్ధం మొదలయ్యేనాటికే వైకల్యం ఉన్నవారు కెమెరాకు కనిపించరు. ఉక్రెయిన్‌లో 2022 ఫిబ్రవరికి ముందే ప్రభుత్వ లెక్కల్లో నమోదైనవారు సుమారు 27 లక్షల మంది. చెవిటివారికి సైరను వినబడదు. ఆగమని సైనికుడు వేసిన కేక వినబడక నడుస్తూ పోయేవాడిని శత్రువనుకుంటారు. చూపులేనివారికి కర్ర ఉన్నా, నిన్నటిదాకా కంఠతా వచ్చిన వీధి ఇవాళ రాళ్లకుప్ప. లిఫ్టుకు కరెంటు లేకపోతే ఆరో అంతస్తులోని చక్రాల కుర్చీ మనిషికి నేలమాళిగ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. మానసిక వైకల్యం ఉన్న పిల్లవాడు పేలుడు శబ్దానికి రోజంతా అరుస్తుంటే, ఆశ్రయంలోని మిగిలినవారు ఆ తల్లిని బయటికి పొమ్మంటారు. మూర్ఛ మందు హఠాత్తుగా ఆగిపోతే మూర్ఛలు ఒకదాని వెంట ఒకటి వచ్చి ప్రాణం పోవచ్చు. వినికిడి యంత్రంలోని గుండీ బ్యాటరీ వారం, రెండు వారాలకు మించి రాదు, ఆ తర్వాత అది చెవిలో ఒక ప్లాస్టిక్ ముక్క మాత్రమే.

వీరికీ సహాయానికీ మధ్య ఉన్న దూరమే అసలు సమస్య. ఆ దూరం వందల మైళ్లు కానక్కరలేదు, తరచుగా అది అరకిలోమీటరు. మానవతా సహాయంలో అందరూ పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు, 500 మీటర్లలోపు కుళాయి, 20 మందికొక మరుగుదొడ్డి ఉండాలి. శిబిరం నడిపేవారు ఆ లెక్కన అన్నీ పెట్టి, కాగితంమీద అన్ని గళ్లలోనూ టిక్కు పెట్టవచ్చు. చంకకర్రలతో నడిచే మనిషి రెండు చేతులూ కర్రలకే సరిపోతే బిందె ఎలా మోస్తాడన్న ప్రశ్నకు ఆ గళ్లలో చోటుండదు.

ఇది నాకు పరదేశంలో కన్నా ముందుగా మన జిల్లాలో అర్థమై ఉండవలసింది, కానీ వెనకాల అర్థమైంది. 2021 నవంబరులో సోమశిల నుంచి వదిలిన నీటితో పెన్నా పొంగి కోవూరు వైపు ఊళ్లు మునిగినప్పుడు, మా బంధువుల ఊరికి వెళ్లాను. యుద్ధాన్నీ వరదనూ ఒకే గాటన కట్టలేమని తెలుసు. వరద నీటికి ఎవరిమీదా పగ ఉండదు. అయినా ఆ ఊరిలో చూసినది నా మనసులో జాఫ్నా పక్కనే నిలిచిపోయింది. పోలియోతో రెండు కాళ్లూ చచ్చుబడిన నడివయసు స్త్రీని ఇంటివారు అటకమీదికి ఎక్కించి, పిల్లలనూ గొడ్లనూ తీసుకుని గట్టుకు పోయారు. అన్నం పొట్లాలు, నీళ్ల ప్యాకెట్లు బడి దగ్గర పంచారు, వచ్చినవారికి వచ్చినట్టు న్యాయంగానే పంచారు. మూడో రోజున పడవమీద వెళ్లిన కుర్రవాడు, “బడికాడ ఇస్తా ఉండారని మైకులో చెప్తిమి గదా పెద్దమ్మా, యినపళ్లేదా?” అని అడిగితే, ఆమె, “యినపడింది నాయనా. చెవులు బాగానే ఉండాయి,” అంది. ఆ మూడు రోజులూ ఆమె దగ్గర చెంబెడు నీళ్లున్నా తాగలేదు. తాగితే కిందికి దించేవారెవరూ లేరు కాబట్టి. ఆ తర్వాత మూత్రపిండాల ఇన్‌ఫెక్షన్‌తో ఆమెను నెల్లూరులో చేర్చవలసి వచ్చింది. మరుగుదొడ్డికి వెళ్లలేక నీళ్లు తాగడం మానేసే స్త్రీలను ఆమెకు ముందే శరణార్థి శిబిరాల్లో ఎంతోమందిని చూశాను. అప్పుడు దానిని ఆ దేశపు కష్టమనుకున్నాను.

ఆమెను ఎవరూ కావాలని వదిలేయలేదు. లెక్కలో లేదు, అంతే. ఈ లెక్క అన్నది మీరు డబ్బు పంపే సంస్థను అడగవలసిన మొదటి విషయం కాబట్టి, దీనిమీద ఇంకొంచెం చెబుతాను. మన 2011 జనాభా లెక్కల్లో వైకల్యం ఉన్నవారు 2.68 కోట్లు, అంటే 2.21 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 అంచనా ప్రకారం ప్రపంచ జనాభాలో వారు 16 శాతం, ఆరుగురిలో ఒకరు. అంత తేడాకు ముఖ్య కారణం అడిగే తీరు. ఇంటి గుమ్మంలో నిలబడి “మీ ఇంట్లో వికలాంగులు ఉన్నారా?” అని అడిగితే పదింట తొమ్మిది ఇళ్లు లేరనే చెబుతాయి. కనిగిరి వైపు ఊళ్లకు వెళ్లి, ఫ్లోరైడు నీళ్లు తాగి వెన్ను వంగిపోయి, మెడ తిప్పలేని ముసలాయనను అడిగి చూడండి. తాను వికలాంగుణ్ణని ఆయన అనడు, నీళ్లవల్ల నడుం పట్టేసిందంటాడు. అదే, “మీకు నడవడం కష్టంగా ఉంటుందా? కష్టం లేదా, కొంత కష్టమా, చాలా కష్టమా, అసలు నడవలేరా?” అని అడిగితే నిజం చెబుతాడు. ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం కింద 2001లో ఏర్పడిన వాషింగ్టన్ గ్రూపు సరిగ్గా ఇటువంటి ఆరు ప్రశ్నలను తయారుచేసింది. చూడడం, వినడం, నడవడం, గుర్తుపెట్టుకోవడం, స్నానం చేసి బట్టలు కట్టుకోవడం, మాట్లాడి అర్థం చేయించడం అన్నవాటిలో ఇబ్బందిని అవి అడుగుతాయి, వైకల్యం అన్న మాటే వాటిలో ఉండదు. శిబిరంలో పేరు నమోదు చేసే బల్ల దగ్గర ఈ ఆరు ప్రశ్నలకు రెండు నిమిషాలు చాలు. అయితే ఆ బల్ల దగ్గరికి రాలేనివారిని గుడారం గుడారానికీ వెళ్లి అడిగే మనిషి లేకపోతే ప్రశ్న ఎంత మంచిదైనా వృథా.

చట్టాల సంగతి క్లుప్తంగా ముగిస్తాను, వాటికి కొరత లేదు. 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందం 16వ అధికరణం గాయపడినవారితోపాటు అశక్తులకు ప్రత్యేక రక్షణ ఇవ్వాలంటుంది. 17వది ముట్టడిలో చిక్కిన ప్రాంతాల నుంచి వారిని తరలించేందుకు పోరాడే పక్షాలు ఒప్పందానికి ప్రయత్నించాలంటుంది. వైకల్యం ఉన్నవారి హక్కులపై 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒడంబడికలో 11వ అధికరణం సాయుధ పోరాటాలు, విపత్తుల్లో వారి రక్షణ గురించే. మన దేశం 2007లోనే దానిని ధ్రువీకరించింది. 2019 ఏప్రిల్‌లో నుజీన్ ముస్తఫా అనే సిరియా యువతి చక్రాల కుర్చీలో భద్రతా మండలి ముందుకు వచ్చి మాట్లాడింది. అలెప్పో విడిచి, అక్క తోస్తుండగా కుర్చీలో యూరపు దేశాలు దాటి జర్మనీ చేరిన అమ్మాయి ఆమె. వైకల్యం ఉన్న వ్యక్తి ఆ మండలికి పరిస్థితి వివరించడం అదే మొదటిసారి. ఆ జూన్ 20న మండలి, సాయుధ పోరాటాల్లో వైకల్యం ఉన్నవారి రక్షణపై 2475వ తీర్మానం చేసింది. నా మటుకు నాకు ఈ పత్రాలన్నిటిలో గమనించదగ్గ మార్పు ఒకటే కనిపిస్తుంది. 1949లో వీరు తరలించవలసిన మనుషులు, 2019కి వచ్చేసరికి అడగవలసిన మనుషులు. సహాయ సంస్థల కోసం అదే ఏడాది వచ్చిన ఉమ్మడి మార్గదర్శకాలు కూడా పథకం వేసేటప్పుడే వారిని కూర్చోబెట్టుకోవాలని మొదటగా చెబుతాయి.

ఇక కృత్రిమ కాళ్ల గురించి చెబుతాను, ఎందుకంటే చందా ఇచ్చినవారి మనసులో ఉన్నది ఆ పిల్లలే అని రాశారు. కాలు తీసేసిన కొత్తలో మిగిలిన భాగం, మేము స్టంపు అంటాం, వాచి ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ కుంచించుకుపోతుంది. మొదట చేసిన సాకెట్, అంటే కృత్రిమ కాలిలో స్టంపు ఇమిడే తొడుగు, వదులై, మేజోళ్లు ఒకదానిమీద ఒకటి తొడిగినా జారుతుంది, రాసుకుని పుండు పడుతుంది. అప్పుడు కొత్త అచ్చు తీసి కొత్త సాకెట్ చేయాలి. పెద్దవారికి ఆ తర్వాత మూడు నుంచి అయిదేళ్లకొకసారి కాలు మార్చవలసి ఉంటుంది. పిల్లలకు అలా కుదరదు. ఎదిగే వయసులో ఆరు నెలలకో, ఏడాదికో కొత్తది కావాలి. పైగా పిల్లల్లో తెగిన ఎముక చివర చర్మాన్ని చీల్చుకునేలా పెరుగుతుంది, దానికి మళ్లీ ఆపరేషన్ చేయవలసి రావచ్చు. ఆరేళ్ల పాప కాలు పోగొట్టుకుంటే పెళ్లీడు వచ్చేసరికి ఆమెకు పదిహేను, ఇరవై కాళ్లు చేయవలసి ఉంటుందని లెక్క వేసుకోండి. యుద్ధం ఆగిన రోజున టీవీ కెమెరాలు వెళ్లిపోతాయి, ఆ పాప లెక్క అప్పుడే మొదలవుతుంది.

జాఫ్నాలో 1987 నుంచి జైపూర్ కాళ్లు చేసే కేంద్రం ఒకటి ఉంది. 2009 మే నెలలో యుద్ధం ముగిసే వరకు ఎన్ని చేతులు మారినా ఆ ఊళ్లో కాళ్లు చేసే పని సాగింది. కాబూల్‌లో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ 1988లో పెట్టిన ఆర్థోపెడిక్ కేంద్రం ఇంకా పనిచేస్తోంది. ప్రభుత్వాలు ఎన్ని మారాయో మీకు తెలుసు. 1990లో అక్కడికి వెళ్లిన ఇటలీ దేశస్థుడు ఆల్బెర్తో కైరో ఒక నియమం పెట్టారు: ఉద్యోగాలు వైకల్యం ఉన్నవారికే ఇవ్వాలి. అందుకే అక్కడ కాలు కోసం వచ్చిన మనిషికి అచ్చు తీసేవాడికీ, నడక నేర్పేవాడికీ కూడా కృత్రిమ కాళ్లే ఉంటాయి. మొదటిసారి నిలబడి భయపడే మనిషికి ఆ దృశ్యం చేసే మేలు నేను గంటసేపు చెప్పే మాటలు చేయవు. మరో సంగతి: తుపాకుల మోత దగ్గరైనప్పుడల్లా కాళ్ల పనిని ‘అత్యవసరం కాదు’ అని ముందుగా మూసేసే అలవాటు సహాయ సంస్థల్లో ఉంది. రక్తం కారేవాడికి సర్జన్ ముందు కావాలన్నది నిజమే. కానీ పరుగెత్తలేనివాడికి తర్వాతి షెల్లు పడేలోపు చంకకర్రలు కావాలన్నదీ అంతే నిజం. అక్కడున్న రోజుల్లో ఈ విషయమై నా పై అధికారితో ఒకసారి గట్టిగానే వాదించాను, ఎవరూ గెలవలేదు.

ఇప్పుడు డబ్బు. మిగిలిన 1,60,000 రూపాయలను వస్తువుగా మార్చకుండా డబ్బుగానే ఇవ్వండి. సంఘం పేరుతో విదేశాలకు నేరుగా పంపడం చిక్కులతో కూడిన పని. రిజర్వు బ్యాంకు సరళీకృత పంపకాల పథకం వ్యక్తులకే వర్తిస్తుంది, సంఘాలకూ ట్రస్టులకూ వర్తించదు. పాన్ కార్డు ఉన్న వ్యక్తి తన బ్యాంకు ద్వారా విరాళం కింద పంపవచ్చు, కానీ విదేశీ సంస్థకు నేరుగా ఇచ్చినదానికి ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. ఊరివారి చందాను ఒక్కరి వ్యక్తిగత ఖాతాలో వేసుకుని పంపితే రేపు లెక్కలు చెప్పుకోవలసి వస్తుంది, కాబట్టి మీ ఆడిటరుతో మాట్లాడకుండా ఆ దారిలో వెళ్లకండి. సులువైన దారి, మన దేశంలోనే నమోదై, బయటి దేశాల్లో పనిచేసే సంస్థకు ఇవ్వడం. జైపూర్ కాలును ప్రపంచానికి అందించిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి 1975 నుంచి ఉంది. 2018లో మన విదేశాంగ శాఖ గాంధీజీ 150వ జయంతి సందర్భంగా మొదలుపెట్టిన ‘ఇండియా ఫర్ హ్యుమానిటీ’ కింద అనేక దేశాల్లో శిబిరాలు పెట్టింది. శిబిరం పద్ధతిపై నాకు కొంత అసంతృప్తి ఉంది. శిబిరం లేచిపోయాక వదులైన సాకెట్‌ను ఎవరు చూస్తారన్నది దానిలోని చిక్కు. అయినా ఒక్కరోజులో మనిషిని నిలబెట్టి పంపగల నేర్పు వారికున్నంతగా మరొకరికి లేదు. నిలకడగా ఒకే చోట ఉండే పనికి ఇవ్వాలనుకుంటే, విదేశాలకు పంపడంలో పైన చెప్పిన చిక్కులున్నా, అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ ఉంది. 1982లో థాయ్‌లాండు సరిహద్దులోని కంబోడియా శరణార్థుల శిబిరాల్లో పుట్టిన, ఇప్పుడు హ్యుమానిటీ అండ్ ఇన్‌క్లూజన్ అనే పేరుతో ఉన్న సంస్థ కూడా ఉంది. మందుపాతరల నిషేధ ఉద్యమంలో భాగంగా 1997 నోబెల్ శాంతి బహుమతిలో దానికీ పాలుంది.

ఎవరికి ఇచ్చినా ముందు ఉత్తరం రాసి అడగండి. శిబిరానికి రాలేనివారిని మీరు ఎలా వెతుకుతారు? మూడేళ్ల తర్వాత సాకెట్ పగిలితే ఎవరు బాగుచేస్తారు? మీ సిబ్బందిలో వైకల్యం ఉన్నవారు ఎంతమంది? మూడోదానికి జవాబు దాటవేసేవారిని నేనైతే పక్కన పెడతాను. అలాగే, ‘మా డబ్బు పిల్లల కాళ్లకే వాడాలి’ అని షరతు పెట్టకండి. జాఫ్నాకు దూరపు పల్లెల్లో చక్కటి కాలును అటకమీద పెట్టి, కర్రతో తిరిగేవారిని చూశాను. కారణం అడిగితే, సాకెట్ వదులైందని, కేంద్రానికి రావడానికి తనకూ తోడు వచ్చేవారికీ బస్సు చార్జీలు లేవని, వచ్చిన రోజు కూలి పోతుందని చెప్పేవారు. పది మంది బస్సు చార్జీలు ఒక కొత్త కాలు కన్నా తక్కువ ఖర్చు, ఎక్కువ మేలు. కానీ బస్సు టిక్కెట్టును పట్టుకుని ఫొటో దిగితే చందా రాదు కాబట్టి సంస్థలు దానికి డబ్బు లేదంటాయి.

చివరగా, మీ 40 కుర్చీలు. అవి చెడ్డ కుర్చీలు కావు, తగినవారికి ఇస్తే మంచివే. రోజుకు గంటో రెండు గంటలో మాత్రమే కూర్చునే ముసలివారికి, పక్షవాతం నుంచి కోలుకుంటూ ఆసుపత్రికీ ఇంటికీ తిరిగేవారికి అవి సరిపోతాయి. వెన్నుపాము గాయమైనవారికి మాత్రం ఇవ్వకండి. వారిని నెల్లూరులోని సీఆర్‌సీకి, అంటే కేంద్ర ప్రభుత్వ దివ్యాంగుల ప్రాంతీయ కేంద్రానికి, పంపండి. కొన్నిటిని దానం చేయకుండా ఊరిలోనే ఉంచి, అవసరమైనప్పుడు వాడుకోవడానికి ఇచ్చి వెనక్కి తీసుకోవడం ఇంకా మంచిది. కావలి, అల్లూరు తీరంలోని తుఫాను షెల్టర్లకు రెండేసి చొప్పున ఇవ్వవచ్చు. అయితే ముందు ఆ షెల్టరుకు ర్యాంపు ఉందో లేదో చూడండి. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉంటేనే దానిని ర్యాంపు అంటారు. మన దగ్గర చాలాచోట్ల కట్టినవి మోటారు సైకిలు ఎక్కించుకోవడానికి పనికొస్తాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 8వ సెక్షన్, యుద్ధంతో సహా అన్ని ఆపదల్లోనూ సమాన రక్షణ ఉండాలని చెబుతూ, జిల్లాలో వైకల్యం ఉన్నవారి వివరాల జాబితాను జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ ఉంచాలని ఆదేశిస్తుంది. మీ మండలంలో ఆ జాబితా ఏ స్థితిలో ఉందో కలెక్టరు కార్యాలయంలో అడగండి. కుర్చీలు ఎవరికి ఇవ్వాలో అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

మీరు రమ్మంటే ఒక ఆదివారం టేపు పట్టుకుని ఒంగోలు నుంచి వస్తాను. ఎవరికి ఏ వెడల్పు సరిపోతుందో, ఎవరికి మెత్త కావాలో కొలిచి రాసి ఇస్తాను. మెత్తలకు గట్టి ఫోమ్ నెల్లూరులో దొరుకుతుంది, పరుపుల దుకాణంలో అమ్మే మెత్తటిది కొనకండి. అంతవరకు, ఇసుకలో తోసి చూసిన ఒకటి తప్ప, మిగిలినవాటి ప్లాస్టిక్ కవర్లు విప్పవద్దు. సగానికి సగం మీకు పనికిరావని తేలుతుందని నా అనుమానం, కొన్న దుకాణంవారు విప్పనివాటినైతే వెనక్కి తీసుకోవచ్చు.